భాషను దిద్దించుకోవచ్చు, పరిశోధనను కొనుక్కోరాదు

రుమటాయిడ్ కీళ్ళవాతానికి వాడే మెథొట్రెక్సేట్ అనే మందును వారానికి ఒక్కసారి మాత్రమే తీసుకోవాలి. ‘వారానికి’ అన్న మాట ఉండవలసిన చోట ‘రోజుకు’ అన్న మాట పడితే ఆ మందే ఎముకమజ్జను అణచివేస్తుంది. రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి, నోరంతా పుండ్లవుతుంది, ప్రాణమే పోవచ్చు. ఇటువంటి మరణాలు పలు దేశాలలో నమోదయ్యాయి. అలాగే ఇన్సులిన్ మోతాదు వ్రాసేటప్పుడు ‘యూనిట్లు’ అని పూర్తిగా వ్రాయకుండా ఆంగ్లాక్షరం ‘యూ’ ఒక్కటే వ్రాస్తే, అది సున్నాగా కనిపించి మోతాదు పదింతలయ్యే ప్రమాదం ఉంది. అందుకే అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్, 2004లో వాడకూడని సంక్షిప్తాక్షరాల పట్టిక నొకదానిని అమలులోకి తెచ్చింది. అందులో ఆ అక్షరం ఉంది. దశాంశ బిందువుకు ముందు సున్నా వదిలివేయరాదని, పూర్ణసంఖ్య తరువాత బిందువూ సున్నా పెట్టరాదని కూడా అందులో ఉంది.

మందులచీటీలో జరిగిన పొరపాటు ఒక రోగికి హాని చేస్తుంది. అదే పొరపాటు పరిశోధన వ్యాసంలో జరిగితే, దానిని చదివే వైద్యులందరి చేతుల మీదుగా ఎందరో రోగులను చేరుతుంది. కనుక పరిశోధన వ్యాసాల వ్రాతప్రతులను అచ్చుకు ముందు దిద్దే పని, అంటే కాపీ ఎడిటింగు, పండితుల సొంత వ్యవహారం కాదు. అది మీ ఆరోగ్యానికీ, నా ఆరోగ్యానికీ సంబంధించిన విషయం. అందువలననే దానిని గూర్చి ఇక్కడ వ్రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది సూటిగా చెబుతాను. ఈనాడు ‘ఎడిటింగు సేవలు’ అన్న ఒకే పలక క్రింద రెండు వేర్వేరు సరుకులు అమ్ముడుపోతున్నాయి. ఒకటి భాషను, అంకెలను, ఆధారాలను సరిచూసే నిజాయితీ గల పని. రెండవది పరిశోధననే తయారుచేసి అమ్మే మోసం. మొదటిది ప్రతి వైద్య కళాశాలలోనూ ఉచితంగా దొరకాలి. రెండవదాని దుకాణం మూతపడాలి. మనం మొదటిదానిని విలాసంగా చూస్తున్నాము, రెండవదానిని చూసీ చూడనట్లు వదిలివేస్తున్నాము.

ప్రతి దిద్దేవారు చేసే పని ఏమిటి?

కాపీ ఎడిటరు అంటే కామాలు, చుక్కలు పెట్టేవారని చాలామంది అభిప్రాయం. వైద్య వ్యాసాన్ని దిద్దేవారి పని అంతకంటె చాలా పెద్దది. సారాంశంలో చెప్పిన రోగుల సంఖ్య, పట్టికలోని సంఖ్య ఒకటేనా? మందుల మోతాదులు మిల్లీగ్రాములా, మైక్రోగ్రాములా? ఒకే మందుకు మూడుచోట్ల మూడు పేర్లు వాడారా? ‘నివారిస్తుంది’ అన్నచోట ‘నివారించవచ్చు’ అని ఉండాలా? ఇవన్నీ వారు అడిగే ప్రశ్నలు.

ఒక ఉదాహరణ చూడండి. ముప్పది మంది రోగులకు మందు ఇస్తే 45 శాతం మందికి నయమైందని ఒక వ్యాసంలో ఉందనుకోండి. ముప్పదిలో 45 శాతం అంటే పదమూడున్నర మంది. సగం మనిషికి నయం కావడం ఎక్కడైనా ఉన్నదా? అంకె తప్పయినా కావాలి, రోగుల సంఖ్య తప్పయినా కావాలి, లేక మధ్యలో కొందరు చికిత్స మానివేసిన సంగతి దాచి అయినా ఉండాలి. వైద్యం చదవని వారు కూడా ఈ ప్రశ్న అడుగగలరు. అడిగేవారు ఒకరుండాలి, అంతే.

అడిగేవారు లేనప్పుడు ఏమవుతుందో 2020లో లోకమంతా చూసింది. ఆ యేడు మే 22న లాన్సెట్ పత్రికలో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ఒక వ్యాసం వెలువడింది. 671 ఆసుపత్రులలో 96,032 మంది కోవిడ్ రోగుల సమాచారం తమ వద్ద ఉన్నదని, ఆ మందు వలన మరణాలు పెరిగాయని అందులో వ్రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రయోగంలో ఆ మందును కొద్దిదినాలు నిలిపివేసింది. ఏప్రిల్ 21 నాటికి ఆస్ట్రేలియాలో ఆ ఆసుపత్రుల రోగులు 73 మంది మరణించారని వ్యాసం చెబితే, ఆ తేదీకి ఆ దేశం మొత్తం మీద నమోదయిన కోవిడ్ మరణాలు 67 మాత్రమే. ఈ తేడాను బయటపెట్టినది గార్డియన్ వార్తాపత్రిక. మూలసమాచారాన్ని స్వతంత్ర పరిశీలకులకు చూపలేకపోయినందున జూన్ 4న ఆ వ్యాసాన్ని ఉపసంహరించారు. ఆ మందు కోవిడ్‌కు పనికిరాలేదని తరువాతి నిజమైన ప్రయోగాలలో తేలింది. కాని అది వేరు సంగతి. గొప్ప పత్రిక, చక్కని ఆంగ్లం, పెద్దపెద్ద పేర్లు ఉన్నా, ఒక చిన్న కూడికను సరిచూసే కన్ను లేకపోయింది.

ఆధారాలను సరిచూడకపోతే కలిగే కీడు ఇంతకంటె పెద్దది. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అయిదు వాక్యాల చిన్న లేఖ ఒకటి అచ్చయింది. ఆసుపత్రిలో ఉండగా మత్తుజాతి నొప్పి మందులు పొందిన 11,882 మందిలో నలుగురికి మాత్రమే వ్యసనం కలిగినట్లు తమ దృష్టికి వచ్చిందని దాని సారం. ఇంటివద్ద నెలల తరబడి ఆ మందులు వాడేవారి గురించి ఆ లేఖ ఏమీ చెప్పలేదు. 2017లో అదే పత్రిక ఆ లేఖ చరిత్రను పరిశీలించిన వ్యాసాన్ని ప్రచురించింది. ఆ లేఖను పేర్కొన్న 608 రచనలలో 72 శాతం, వ్యసనం అరుదు అనడానికి దానిని సాక్ష్యంగా చూపాయి. దాదాపు 81 శాతం రచనలలో, వారు ఆసుపత్రిలో ఉన్న రోగులన్న ముఖ్యమైన మాటే లేదు. ఆ ఒక్క మాట జారిపోతూ వచ్చింది, ఉత్తర అమెరికాలో మత్తుమందుల ఉపద్రవానికి అది కూడా దోహదం చేసింది. ‘మీరు చూపిన ఆధారం ఈ మాట చెబుతున్నదా?’ అని అడిగే ఎడిటరు విలువ అప్పుడు తెలుస్తుంది.

మన ఊళ్ళకు దీనితో పనేమిటి?

1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ వ్యాధిని వర్ణించారు. వారు చూసినది అప్పటి నెల్లూరు జిల్లా పల్లె ప్రజలను. పళ్ళు గారపట్టి, వెన్ను బిగుసుకుపోయి, నడుము వంగక నడవలేని రైతుల బాధకు కారణం తాగే నీటిలో ఉన్నదని మన దేశపు వైద్యలోకం తెలుసుకొన్నది ఆ వ్యాసం వలన. మన పాత అనంతపురం జిల్లాలోనూ బోరునీటిలో ఫ్లోరైడు మితిమీరిన ఊళ్ళు ఉన్నాయి. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణం. ఆ బిందువు అచ్చులో జారిపోతే 15 అవుతుంది. ఆ అంకెను నమ్మి ఎవరైనా నీటిని పరీక్షిస్తే విషపు నీరు కూడా మంచినీరుగా లెక్కకు వస్తుంది.

ఇక గుడిబండ వంటి ఊరిని తీసుకోండి. కర్ణాటక సరిహద్దు మాకు కూతవేటు దూరం. ఇంటిలో ఒక భాష, సంతలో మరొక భాష మాట్లాడే కుటుంబాలు ఇక్కడ ఎన్నో. తెలుగులో ‘సుస్తీ చేసింది’ అంటే జబ్బు చేసిందని అర్థం. కన్నడంలో ‘సుస్తు’ అంటే అలసట. ఒక యువ వైద్యుడు మడకశిర, గుడిబండ పల్లెలలో తిరిగి రక్తహీనత మీద ప్రశ్నావళి నింపాడనుకోండి. ‘సుస్తు’ అని చెప్పిన స్త్రీ మాటను ఆంగ్లంలో ‘జబ్బు’ అని వ్రాస్తే, రక్తహీనతకు ముఖ్యలక్షణమైన అలసట లెక్కలో నుంచి మాయమవుతుంది. ఎక్కడో మహానగరంలో కూర్చున్న ఎడిటరుకు ఈ సంగతి తెలియదు. కాని మంచి ఎడిటరయితే, ‘రోగి వాడిన మాట ఏది? దానిని ఎలా అనువదించారు?’ అని ప్రక్కన ఒక ప్రశ్న వ్రాసి పంపుతారు. తానే ఒక అర్థం ఊహించి నింపివేయరు. ప్రశ్న అడగడమే ఈ వృత్తికి ప్రాణం.

ఆ యువ వైద్యుడి పరిశీలన విలువైనదే కావచ్చు. అతడు తెలుగు మాధ్యమంలోనో, కన్నడ మాధ్యమంలోనో చదివి ఆంగ్లంలో తడబడవచ్చు. భాష బాగులేదని అతని వ్యాసం తిరిగివస్తే నష్టపోయేది అతడొక్కడే కాదు, ఆ పల్లెల స్త్రీలు కూడా. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్కే గారితో కలసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆ పద్ధతిని దశాబ్దాల పాటు ప్రపంచంలోని ప్రయోగశాలలు అనుసరించాయి. చదివినవారు తమ గదిలో కూర్చుని తిరిగి చేయగలిగినట్లు వ్రాయబడినప్పుడే ఏ పద్ధతికైనా అంతటి ఆయుష్షు కలుగుతుంది. స్పష్టత అలంకారం కాదు, శాస్త్రంలో భాగం.

‘విషయం ముఖ్యం గాని భాష దేనికి?’ అని తేలికగా అనే పెద్దలకు నా సమాధానం ఇదే. మోతాదు భాషలోనే ఉంది. హెచ్చరిక భాషలోనే ఉంది. భాష చెడితే విషయం మిగలదు.

అంగడి సరుకు

ఇప్పుడు రెండవ దుకాణానికి వద్దాము. ఎం.డీ., ఎం.ఎస్. విద్యార్థి చివరి పరీక్షకు కూర్చోవాలంటే ఒక పోస్టరు, సదస్సులో చదివిన ఒక పత్రం, పత్రికకు పంపిన ఒక వ్యాసం ఉండాలని గతంలో మెడికల్ కౌన్సిల్ నియమం పెట్టింది. అధ్యాపకుల పదోన్నతికీ వ్యాసాలు లెక్కకట్టారు. ఉద్దేశం మంచిదే. కాని పగలంతా ఓపీ, రాత్రంతా వార్డు చూసే పిల్లవానికి పరిశోధన చేసే సమయం, నేర్పే గురువు, దిద్దే చేయి ఇవ్వకుండా వ్యాసం మాత్రం తెమ్మంటే అతడు ఎక్కడికి పోతాడు? అతని సెల్‌ఫోనుకే అంగడి వస్తుంది. ‘వ్యాసం మేమే వ్రాస్తాము, ప్రచురణకు హామీ, మొదటి పేరుకు ఒక ధర, రెండవ పేరుకు ఒక ధర’ అన్న సందేశాలు వస్తాయి. దానికి వారు పెట్టుకొన్న పేరు కూడా ‘ఎడిటింగ్ సహాయమే’.

ఈ వ్యాపారం మన తెలుగునేలకు దూరమైనది కాదు. హైదరాబాదు కేంద్రంగా వందలాది పత్రికలు నడిపిన ఓమిక్స్ సంస్థ మీద 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దావా వేసింది. నిపుణుల పరిశీలన జరిగిందని అబద్ధం చెప్పారని, అనుమతి లేకుండా శాస్త్రజ్ఞుల పేర్లను సంపాదకులుగా వాడుకొన్నారని, రుసుము సంగతి ముందుగా చెప్పలేదని అభియోగాలు. 2019 మార్చిలో నెవాడాలోని న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. మరుసటి యేడు పై న్యాయస్థానం ఆ తీర్పును ఖాయపరచింది. హైదరాబాదు పేరు అంతర్జాతీయంగా ఇలా వినబడడం మనందరికీ తలవంపు.

దొంగ సరుకు ఎలా ఉంటుందో తెలియాలంటే 2021లో ఫ్రాన్సు దేశపు గియోమ్ కబనాక్, ఆయన సహచరులు బయటపెట్టిన వింత పదాలు చూడాలి. ఇతరుల వ్యాసాలను కాపీ చేసి, పట్టుబడకుండా ఉండడానికి కంప్యూటరుతో పర్యాయపదాలు మార్పించిన వ్యాసాలవి. కృత్రిమ మేధ అన్న అర్థమిచ్చే ఆంగ్లపదాల స్థానంలో ‘దొంగ చైతన్యం’ అన్న అర్థం వచ్చే మాటలు వాటిలో ఉన్నాయి. రొమ్ముక్యాన్సరుకు బదులు ‘బూజమ్ పెరిల్’, అంటే ‘ఎదకు ఆపద’ అన్న మాట కూడా ఇటువంటి వ్యాసాలలో కనిపించింది. నవ్వు వస్తుంది. కాని క్యాన్సరు రోగికి చికిత్స నిర్ణయించే వైద్యుడు చదివే సాహిత్యంలోకి ఇవి చేరాయని తలచుకొంటే ఆ నవ్వు నిలవదు. 2023 ఒక్క సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద పదివేలకు మించి పరిశోధన వ్యాసాలను ఉపసంహరించారు. వాటిలో ఎనిమిది వేలకు పైగా హిందావి అనే ఒక్క ప్రచురణ సంస్థవే.

ధనిక దేశాలలో ఈ మోసం మంచి దుస్తులు వేసుకొని వచ్చింది. వైయత్ అనే మందుల కంపెనీ, రజోనివృత్తి హార్మోనులకు అనుకూలమైన వ్యాసాలను ఒక రచనా సంస్థ చేత తయారుచేయించి, వాటిపై వైద్యుల పేర్లు పెట్టించింది. 1998 నుంచి 2005 వరకు అటువంటి 26 వ్యాసాలు వెలువడ్డాయని 2009లో కోర్టు పత్రాల ద్వారా బయటపడింది. ఆ వ్యాసాలలో భాష నిర్దుష్టంగానే ఉండి ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. భాష నునుపుగా ఉన్నంత మాత్రాన విషయం నిజం కాదని దీనివలన తెలుసుకోవాలి.

‘అందరూ చేస్తున్నారు’ అనే వాదన నేను విన్నాను. అందరూ కల్తీ పాలు అమ్మితే బిడ్డకు పోయవచ్చునా?

యంత్రం దిద్దదా?

‘ఇప్పుడు కృత్రిమ మేధ ఉచితంగా దిద్దిపెడుతున్నది, ఎడిటరు దేనికి?’ అని మరికొందరు అంటున్నారు. వ్యాకరణ దోషాలు చూపడానికి యంత్రం పనికివస్తుంది, కాదనను. కాని 2024లో ఎల్సెవియర్ సంస్థ పత్రిక ఒకదానిలో వచ్చిన వ్యాసం ‘తప్పకుండా, మీ అంశానికి తగిన ఉపోద్ఘాతం ఇదిగో’ అనే అర్థం గల వాక్యంతో మొదలయింది. అది యంత్రం ఇచ్చిన జవాబు. రచయితలు, పరిశీలకులు, సంపాదకులు అందరూ దాటించిన ఆ వాక్యాన్ని, అచ్చయిన తరువాత పాఠకులు పట్టుకొన్నారు. మొదటి పంక్తిని ఒక్క మనిషి శ్రద్ధగా చదివినా అది అచ్చయ్యేది కాదు. పైగా యంత్రం ‘సుస్తు’ అంటే ఏమిటని మిమ్మల్ని అడగకుండానే ఏదో ఒక అర్థం వ్రాసివేయవచ్చు. లేని ఆధారాలను ఉన్నట్లు చూపవచ్చు. రోగుల పేర్లు, వివరాలు దానిలో పోయడం రోగి నమ్మకానికి ద్రోహం.

గీత ఎక్కడ గీయాలి?

దిద్దుబాటుకు, మోసానికి నడుమ గీత కనబడదని కొందరు అంటారు. నాకు స్పష్టంగానే కనబడుతున్నది. సమాచారం రచయిత సేకరించినదేనా? ప్రతి మార్పును రచయిత చూసి ఒప్పుకొన్నాడా? ‘ఈ వాక్యం ఎందుకు వ్రాశావు?’ అంటే సమాధానం చెప్పగలడా? సహాయం చేసినవారి పేరు కృతజ్ఞతలలో బహిరంగంగా ఉన్నదా? ఈ నాలుగింటికీ అవును అన్న జవాబు వస్తే అది దిద్దుబాటు. ఒక్కదానికి కాదన్నా అనుమానించండి. వైద్యపత్రికా సంపాదకుల అంతర్జాతీయ సంఘం కూడా, కేవలం భాష దిద్దినవారు రచయితలు కారని, వారి సహాయాన్ని కృతజ్ఞతలలో పేర్కొనాలని చెబుతున్నది. పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడే సహాయం మంచి సహాయం కాదు.

ఏమి చేయాలి?

ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాలకు రక్తపరీక్షల గది ఉన్నట్లే ఒక వ్రాతప్రతుల గది ఉండాలి. అందులో వైద్యపరిభాష తెలిసిన ఎడిటరు ఒకరు, గణాంకాలు తెలిసినవారు ఒకరు, స్థానిక భాషలు తెలిసినవారు ఒకరు ఉంటే చాలు. వారికి జీతం కళాశాల ఇవ్వాలి, విద్యార్థి జేబు నుంచి కాదు. వ్యాసం వ్రాయడాన్ని మొదటి సంవత్సరంలోనే నేర్పాలి. అచ్చయిన వ్యాసాల సంఖ్యను లెక్కించడం మాని, ఒక్క వ్యాసాన్నయినా తెరచి చదివి మార్కులు వేయాలి. మార్గదర్శకులైన ఆచార్యులు తాము చదవని వ్యాసం మీద తమ పేరు పెట్టనివ్వరాదు. వ్యాసాన్ని అమ్మినవారిపైనే కాక, కొన్నవారిపైనా చర్య ఉండాలి.

యువ వైద్యులకు ఒక మాట. మీ ఆంగ్లం గురించి సిగ్గుపడకండి. ముందు మీ పరిశీలనను మీకు వచ్చిన భాషలో నిజాయితీగా వ్రాసుకోండి, తరువాత దిద్దించుకోండి. డబ్బు కట్టవలసి వస్తే, మార్పులను గుర్తించి చూపేవారికి, ప్రశ్నలు అడిగేవారికి కట్టండి. ‘ప్రచురణకు హామీ’ ఇచ్చేవారి గడప తొక్కకండి. నిజమైన ఎడిటరు ఎవరూ ఆ హామీ ఇవ్వలేరు.

పాఠకులైన మీకు కూడా పని ఉంది. ‘పరిశోధనలో తేలింది’ అన్న మాట పత్రికలోనో, వాట్సాప్‌లోనో కనబడినప్పుడు, ఎంతమంది మీద తేలింది, ఎక్కడ అచ్చయింది, తరువాత ఉపసంహరించారా అని అడగండి. మీ పిల్లలు పీ.జీ. చదువుతూ ‘వ్యాసానికి డబ్బు కావాలి’ అంటే, అది దిద్దడానికా, కొనడానికా అని నిలదీయండి. దిద్దడానికయితే సంతోషంగా ఇవ్వండి. కొనడానికయితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఆ కొన్న వ్యాసాన్ని నమ్మి వ్రాసిన మందులచీటీ రేపు ఎవరి చేతికి వస్తుందో మీకు తెలియదు, నాకూ తెలియదు.